మందు పడలేదు



మన యిండ్లలో, ముఖ్యముగా వయసు మీరిన వారి నోట, తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: “ఆ మందు నాకు పడలేదు.” వంకాయ పడదనుట, పొరుగూరి నీరు పడదనుట, అత్తకును కోడలికిని పడదనుట ఎట్టిదో ఇదియు అట్టిదే. తప్పు మందుదని కాదు, వ్రాసియిచ్చిన వైద్యునిదని కాదు, మ్రింగిన రోగిదని కాదు, పొసగలేదు, అంతే. ఎవరిమీదను నింద మోపని యీ క్రియాపదమును చూచి నేను పలుమారులు ముచ్చటపడితిని. కాని చిరకాలము ఔషధశాస్త్రము బోధించిన వాడనగుటచే, అదే మాటను తలచుకొని అంతకంటె ఎక్కువ మారులు చింతిల్లితిని. ఏలనగా, ఆ మాట వెలువడిన వెంటనే రోగి ఆ బిళ్లల అట్టను గూటిలో పడవేయును. వైద్యుడు మరియొక మందు వ్రాసియిచ్చును. నర్సు తరువాతి వారిని పిలుచును. ఏ మందు, ఎవరికి, ఎన్ని నాళ్లకు, ఏమి చేసినది అను సంగతులన్నియు ఆ గదిలోనే అణగిపోవును. రేపు వేరొక ఊరిలో వేరొకరికి అదే మందు అట్లే పడకపోయినప్పుడు, ఆ రెండింటిని ఒకచోట చేర్చి చూచువారెవరును ఉండరు.

ఆ మాటను చెవిని బెట్టి, కాగితము మీది కెక్కించి, చేరవలసిన చోటికి పంపు విద్యను వైద్యులకును, నర్సులకును, మందుల షాపులోని ఫార్మసిస్టులకును, ఊరూర తిరుగు ఆరోగ్య కార్యకర్తలకును ఎట్లు నేర్పవలెనన్నదే ఈ పూట నా ప్రసంగవిషయము.

ఈ చింత నేడు పుట్టినది కాదు. 1847 నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమను మత్తుమందును లోకమునకు పరిచయము చేసెను. మూడు మాసములైనను నిండక మునుపే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులో న్యూకాసిల్ నగర సమీపమున నున్న విన్లటన్ గ్రామములో, హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై ఆ మందును పీల్చి కొన్ని నిమిషములలో ప్రాణము విడిచెను. గోటితో పోవలసిన దానికి ప్రాణమే పోయినది. అటు తరువాత అక్కడొకటి, ఇక్కడొకటి ఇట్టి మరణములు వినవచ్చుచునే యుండెను. మందు గుండెను ఆపుచున్నదా, ఊపిరిని ఆపుచున్నదా అను వివాదము నలుబదియేండ్లు సాగెను. ఆ వివాదమును తీర్ప బూనుకొన్నది మన హైదరాబాదని చెప్పినచో శ్రోతలలో కొందరు ఆశ్చర్యపడుదురేమో.

నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు పూర్వరూపమైన హైదరాబాదు వైద్యపాఠశాలకు అప్పుడు అధిపతి ఎడ్వర్డ్ లారీ. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వపు ధనసహాయముతో ఆయన 1888లో ఒక విచారణ సంఘమును నడపెను. దాని నిర్ణయమును లండను నగరపు ‘లాన్సెట్’ పత్రిక శంకింపగా, ఆ పత్రిక ప్రతినిధిగా వచ్చిన లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని చేర్చుకొని మరుసటి యేడు రెండవ సంఘమును నడపెను. వందలాది జంతువులపై పరీక్షలు జరిగెను. ప్రపంచములో తొలి మహిళా మత్తువైద్యురాలని నేడు పేరు గాంచిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ దినములలో అచటనే పనిచేసినది. తుదకు వెలువడిన తీర్పేమనగా, ఊపిరిని కనిపెట్టియున్న చాలును, గుండెకు భయము లేదని. తాను వేలకొలది మందికి క్లోరోఫారమిచ్చితిననియు, ఆ యనుభవమే తనకు ప్రమాణమనియు లారీ దృఢముగా నమ్మియుండెను. ఆ నమ్మకము పొరబాటు. తేలికగా మత్తు నెక్కించిన వేళలోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

లారీ అసమర్థుడు కాడు, అశ్రద్ధాపరుడు అంతకన్న కాడు. ఒక్కని యనుభవము, అది ఎంత పెద్దదైనను, అరుదుగా వచ్చు ఆపదను పట్టుకొనజాలదని ఆయన గుర్తింపలేదు, అంతే. పదివేలలో ఒకరికి వచ్చు చేటు, తొమ్మిదివేల మందికి వైద్యము చేసిన వానికి కూడ కనబడకపోవచ్చును. కావుననే ‘లాన్సెట్’ పత్రిక వేరొక మార్గము త్రొక్కి, బ్రిటనులోను దాని వలసదేశములలోను ఉన్న వైద్యులను, మీ చేతులమీదుగా మత్తులో జరిగిన మరణముల వృత్తాంతములను వ్రాసి పంపుడని కోరి, వచ్చిన వాటిని క్రోడీకరించి 1893లో ప్రకటించెను. వైద్యులు తమంత తాము దుష్ప్రభావములను తెలియజేయు నేటి పద్ధతికి అది ముత్తాత వంటిది. దానిని పుట్టించిన వివాదములో మన హైదరాబాదుకు పాలున్నదని నా విద్యార్థులకు చెప్పినప్పుడెల్ల, వారు మూసిన నోటుపుస్తకములను మరల తెరచుట చూచియున్నాను.

థాలిడోమైడ్ కథ మీలో అనేకులకు తెలిసియే యుండును. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చి, గర్భిణుల వేవిళ్లకు వాడబడిన ఆ మందు వలన కాళ్లుచేతులు ఎదగని శిశువులు సుమారు పదివేల మంది జన్మించిరి. హాంబర్గు వైద్యుడు లెంజ్ హెచ్చరికపై 1961 నవంబరులో జర్మనీలో దానిని ఉపసంహరించిరి. ఆస్ట్రేలియా వైద్యుడు మెక్‌బ్రైడ్ ఆ డిసెంబరులో ‘లాన్సెట్’కు వ్రాసిన లేఖ కొన్ని పంక్తులకు మించదు. తాను చూచిన దానిని చెప్పి, ఇట్టివి ఇతరులెవరైన చూచితిరా యని అడిగెను. నా దృష్టిలో ఆ చివరి ప్రశ్నయే ఈ శాస్త్రమునకంతకు ప్రాణము.

అయినను, మన శిక్షణకు థాలిడోమైడ్ కంటె ఎక్కువ పనికివచ్చు కథ ప్రాక్టొలాల్‌ది. థాలిడోమైడ్ తరువాత, 1964లో, బ్రిటనువారు ‘పసుపు కార్డు’ అను పద్ధతిని నెలకొల్పిరి. ఏ వైద్యునికైనను అనుమానము తోచినచో ఆ పసుపు కాగితము నింపి పంపవలెను. 1970లో గుండెజబ్బునకు ప్రాక్టొలాల్ అను మందు వచ్చినది. అది వాడినవారిలో కొందరికి కన్నీరు ఎండి, కన్నులు గరగరలాడి, కొందరికి చూపే పోయినది; చర్మము పొలుసులు కట్టినది. కార్డులుండెను, నింపవలసిన వైద్యులుండిరి, రోగులును ఎదుటనే యుండిరి. కాని గుండెకు మందిచ్చినవాడు కంటిని చూడలేదు. కంటిని చూచినవాడు గుండెకేమి మ్రింగుచున్నావని అడుగలేదు. 1975లో పీటర్ రైట్ అను కంటివైద్యుడు ఆ రెండింటికి ముడివేసి ప్రకటించిన పిమ్మట, అప్పటివరకు మౌనముగా నున్న వైద్యుల నుండి వందలకొలది కార్డులు వచ్చిపడెను. అనగా అందరును చూచియే యుండిరి. చూచినదేమో ఎరుగకుండిరి.

శిక్షణ అనగా ఆ యెరుక కలిగించుట. కాగితము నింపుట చాల చిన్నపని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో దేశదేశముల నివేదికలను ఒకచోట చేర్చు ప్రణాళికను ప్రారంభించినది; 1978 నుండి ఆ పని స్వీడను దేశపు ఉప్సాలా నగరములోని కేంద్రము చూచుచున్నది. అచటి భాండారమున నేడు మూడు కోట్లకు పైబడిన నివేదికలు కలవు. మనదేశము ఆ కూటమిలో 1998లో చేరినది. అయితే మన ప్రయత్నము స్థిరరూపము దాల్చినది 2010 జూలైలో, ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రముగా ఔషధనిఘా కార్యక్రమము మొదలైనప్పుడు. 2011 ఏప్రిల్ 15 నుండి ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానికి జాతీయ కేంద్రమైనది. వైద్యకళాశాలలలో, పెద్ద ఆసుపత్రులలో దుష్ప్రభావముల పరిశీలన కేంద్రములున్నవి. మీ నివేదిక అచటికి చేరి, అచటినుండి ఘాజియాబాదునకు, అటనుండి ఉప్సాలాకు పోవును. రోగి స్వయముగ నింపదగిన పత్రము తెలుగులోను లభించును.

ఈ దూరప్రయాణము వలన ఒరుగునదేమని అడుగువారికి ఒక్క దృష్టాంతము చాలును. నెలసరి నొప్పికి, తలనొప్పికి, కీళ్లనొప్పికి మన దేశమున చీటీ లేకయే కొనుగోలు చేయబడు మెఫెనమిక్ ఆమ్లమను మందు కలదు. జ్వరము, దద్దురు, ముఖము వాచుట, కాలేయము దెబ్బతినుట కలిసి వచ్చు ‘డ్రెస్’ అను ఉపద్రవము ఈ మందువలన రావచ్చునని, మన దేశపు నివేదికలనే పరిశీలించి, కమిషను 2023 నవంబరు 30న హెచ్చరిక వెలువరించినది. ఆ ఉపద్రవము మందు మొదలిడిన రెండు వారములకో, ఎనిమిది వారములకో తలయెత్తును. అంతకాలము క్రిందటి బిళ్లను ఎవరు జ్ఞాపకముంచుకొందురు? ఎక్కడనో కొందరు వైద్యులు అడిగిరి, వ్రాసిరి.

కాని వ్రాయనివారే అధికులు. పండ్రెండు దేశములలో జరిగిన ముప్పదియేడు అధ్యయనములను 2006లో ఇద్దరు పరిశోధకులు సమీక్షించగా, నివేదింపబడక జారిపోవు దుష్ప్రభావముల మధ్యస్థ సంఖ్య నూటికి 94 అని తేలినది. వైద్యులేల వ్రాయరను ప్రశ్నకు, పసుపు కార్డుతో దీర్ఘకాలము మెలగిన విలియం ఇన్మన్, మతగ్రంథముల పక్కీని, ‘మహాపాతకముల’ పట్టికయే యొకటి కట్టెను. వానిలో భయము, అపరాధభావము, అజ్ఞానము, బద్ధకము ఉన్నవి. తనవద్దనే కేసులు దాచుకొని పిదప తానే వ్యాసము ప్రకటింపవలెనను పేరాస కూడ ఉన్నది. మా వృత్తివారి గుట్టు ఇంత సూటిగా విప్పినవాడు మరియొకడు లేడు.

మన దేశమున ఆ పట్టికలో భయమునకే అగ్రతాంబూలము. “ఇంజెక్షన్ వికటించి మృతి” అని మరునాటి పత్రికలో అచ్చుపడుటయు, ఆసుపత్రి అద్దములు పగులుటయు కన్నులార చూచిన యువవైద్యుడు, దుష్ప్రభావమని స్వహస్తముతో వ్రాసి సంతకము పెట్టుటకు జంకుట సహజమే. అతనికి ధర్మోపన్యాసము చేసి లాభము లేదు. పత్రము క్రిందనే ముద్రింపబడిన వాక్యము చూపవలెను: నివేదిక పంపుట, తప్పు చేసితినని ఒప్పుకొనుట కాదనియు, రోగి వివరములు గోప్యముగా నుంచబడుననియు దాని తాత్పర్యము. అంతేకాదు, కోరబడునది రుజువు కాదు, అనుమానము. ఆ దుష్ప్రభావము మందువలననే కలిగినదా యని తూచి, నిశ్చితము, సంభావ్యము, సాధ్యము అని వర్గీకరించుట వేరొకరి పని. వ్రాయుటకు అత్యవసరమైనవి నాలుగే: రోగి ఫలానా యని గుర్తు, కలిగిన బాధ, అనుమానింపబడిన మందు, వ్రాసినవారి పేరు. మందు మానగా తగ్గినదా, మరల వేయగా మరల వచ్చినదా అను సంగతులు తెలిసినచో మేలు, తెలియకున్నను పంపవచ్చును.

ఇక శిక్షణ నడుపు విధము. ఒక పూట సభ, వేదికమీద పూలగుత్తి, వరుసగా ముగ్గురి ఉపన్యాసములు, టీ, రెండు బిస్కత్తులు, సాయంకాలము సర్టిఫికెట్టు. ఇట్టి సభలలో నేనును ఉపన్యసించితిని. మరుసటి నెలలో పరిశీలన కేంద్రమునకు వచ్చిన కాగితములు లెక్కించి సిగ్గుపడితిని. పోర్చుగల్ ఉత్తరప్రాంతమున జరిపి 2006లో ప్రకటించిన యొక పరిశోధన నా కన్నులు తెరిపించినది. అచట శిక్షకులే వైద్యులు పనిచేయు చోటికి పోయి, చిన్న చిన్న గుంపులుగా కూర్చుండి, మీరేల వ్రాయుటలేదని అడిగి, ఆయా కారణములకే సమాధానము చెప్పిరి. నివేదికలు సుమారు పదింతలైనవి. అయితే మొదటి నాలుగు మాసములలో ఉన్న ఉత్సాహము క్రమముగా తగ్గి, యేడాదికి చల్లబడినది. కావున పోవలెను, మరల పోవలెను.

దానికి తోడుగా నేను చేర్చదలచినది మరియొకటి కలదు. మన రోగి తన బాధను వైద్యశాస్త్ర పరిభాషలో చెప్పడు, తెలుగులో చెప్పును. “మందు వేడి చేసిందండీ, నోరు పూసింది” అనును. విన్న నర్సమ్మ, మజ్జిగ ఎక్కువ త్రాగుమని పంపివేయును. నూటికి తొంబదిమారులు ఆ సలహా చాలును కూడ. కాని ఆ రోగి కీళ్లవాతమునకు మెథోట్రెక్సేట్ వాడుచున్నవాడైనచో? వారమున కొకమారు వేయవలసిన ఆ బిళ్లను, చీటీ సరిగా చదువక దినమున కొకటి చొప్పున మ్రింగుటచే నోరు పూచుట, రక్తకణములు క్షీణించుట, ప్రాణాపాయము కలుగుట అనేకదేశములలో జరిగినది. ఆ మందు పుట్టిన లెడర్లీ పరిశోధనాలయమున ఆ కృషిని నడపినవాడు భీమవరములో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాడు లోకమున కిచ్చిన మందు చేసిన చేటును, తెలుగువాడు చెప్పిన మాటలలో పోల్చుకొనలేకపోవుట విచిత్రము కాదా!

అట్లే “అరికాళ్లు తిమ్మిర్లు” అన్న క్షయరోగి ఐసోనియజిడ్ ప్రభావమును చెప్పుచుండవచ్చును. “అన్నం సయించట్లేదు, కళ్లు పచ్చబడ్డాయి” అన్నవాడు క్షయ మందులతో కాలేయము దెబ్బతిన్నవాడు కావచ్చును. అతడు ఆసుపత్రికి రాక కామెర్లకు పసరు పోయించుకొనుటకు పోవును. పోయి, బిళ్లలు మాత్రము మానడు. “చెవిలో హోరు” అన్నవానిని ఇంజెక్షనులు చేయించుకొంటివా యని అడుగవలెను. ఇట్టి మాటలను మండలము మండలమునకు సేకరించి, ఒక్కొక్క మాట వెనుక దాగియుండదగిన దుష్ప్రభావమును ఎదురుగా వ్రాసిన చిన్నపుస్తకమొకటి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను మేకునకు వ్రేలాడవలెనని నా కోరిక. ఇంకను కార్యరూపము దాల్చలేదు.

శిక్షణలో నేను నేర్పినదానికంటె నేర్చినదే అధికమైన దినమొకటి చెప్పి విరమింతును. ఒక ఆరోగ్య కేంద్రము వరండాలో ఇరువదిమంది ఏ.ఎన్.ఎమ్.లును, ఆశా కార్యకర్తలును కూర్చుండిరి. మూర్ఛకు వాడు కార్బమజిపైన్ బిళ్లలవలన కొందరికి జ్వరము వచ్చి, కన్నులెఱ్ఱబడి, నోరు పూచి, ఒడలెల్ల పొక్కి చర్మము ఊడివచ్చు ప్రమాదము కలదనియు, అది తరచు మందు మొదలిడిన నాలుగు వారములలోపుననే కనబడుననియు, అట్టివారికి బిళ్ల వెంటనే ఆపించి పెద్దాసుపత్రికి పంపవలెననియు చెప్పుచుంటిని. వెనుక వరుసలో, పదవీవిరమణకు దగ్గరపడిన ఏ.ఎన్.ఎమ్. ఒకామె లేచి నిలబడినది.

“సార్, మా ఊళ్లో ఒక పిల్లకి ఇట్టాగే అయిందండి. అమ్మవారు పోసిందనుకున్నామండి. గుమ్మానికి వేపమండలు కట్టారు. నేనే చెప్పా, తలకి పోసుకోవద్దని.”

“బిళ్లలు వేసుకుంటోందా అమ్మా?”

“ఫిట్స్‌కండి. ఆపలేదండి. అమ్మవారుంటే ఆపకూడదేమో అనుకున్నారు.”

వరండా అంతయు నిశ్శబ్దమైనది. ఆ పిల్ల తుదకు పెద్దాసుపత్రికి చేరి బ్రతికినదట. ఒక కంటి చూపు మందగించినదట. ఆ సంగతి జరిగి రెండేండ్లు దాటినది. ఇప్పుడు వ్రాయవచ్చునా యని ఆమె అడిగినది, వ్రాయవచ్చునంటిని. తేదీలు జ్ఞాపకము లేవనినది. పండుగలు చెప్పుమంటిని. కన్నులు మూసుకొని కొంతసేపు ఆలోచించినది. బిళ్లలు మొదలుపెట్టినది ఉగాది ముందురోజు. సంతనుండి వచ్చుచు దారిలో తానే ఇచ్చినది. ఒళ్లు పొక్కినది శ్రీరామనవమి మరునాడు. పందిట్లో పానకము తెచ్చియిచ్చినను పిల్ల నోరు మంటయని త్రాగలేదని తల్లి చెప్పినది. ప్రక్కనున్న చిన్నామె వ్రేళ్లమీద లెక్కించి, పది రోజులనినది.

నేను పత్రము అందించితిని. ఆమె అద్దములు సరిచేసుకొని, కలము పట్టుకొని, “ఏం జరిగిందీ అన్నచోట ఇంగిలీషులో ఏం రాయాలండీ?” అని అడిగినది.

“ఆ తల్లి మీతో అన్నమాటే రాయండి.”

ఆమె వ్రాసినది: బిళ్ల మొదలుపెట్టిన పదో రోజు, నోరు పూసి పానకం తాగలేదు.